మొలల ఆపరేషన్ తర్వాత నొప్పి, వాపు: ఇంట్లో ఎలా చూసుకోవాలి

మొలల ఆపరేషన్ బరంపురంలోనో, శ్రీకాకుళంలోనో, విశాఖలోనో కాసేపట్లో అయిపోతుంది. మర్నాడో ఎల్లుండో ఇంటికి పంపేస్తారు. అసలు నొప్పి తెలిసేది దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో ఇల్లు చేరాక, మొదటిసారి దొడ్డికి కూర్చున్నప్పుడు. అప్పటికి సర్జను దగ్గర్లో ఉండరు. చేతిలో మిగిలేది ఒక చీటీ, నాలుగు రకాల మందులు.

ఆ మందుల్లో జనం ముందు వెతికేది నొప్పి మాత్ర. అది కావాల్సిందే. కానీ మలం మెత్తగా ఉంటే రావాల్సిన నొప్పిలో సగం అసలు రాదు. మిగతా సగానికి మాత్రను గడియారం చూసి వేసుకోవాలి, నొప్పి ముదిరాక కాదు. అందరికంటే ఎక్కువ బాధపడేది దొడ్డికి వెళ్లాల్సి వస్తుందని భయపడి తిండి, నీళ్లు మానేసేవాళ్లే. తినకపోయినా మలం తయారవుతూనే ఉంటుంది. లోపల ఉన్నకొద్దీ పేగు అందులోని నీటిని పీల్చేస్తుంది. నాలుగో రోజు బయటికి వచ్చేసరికి గట్టి ఉండలై పచ్చిపుండును చీరుతుంది.

ముందు మీకు జరిగిందేమిటో తెలుసుకోండి

"పైల్స్ తీసేశారు" అంటే చాలదు. చీటీ మీద ఏం రాసి ఉందో అడిగి తెలుసుకోండి. ఏ చికిత్సకు ఎంత నొప్పి మామూలో తెలియకపోతే, మామూలు నొప్పికి కంగారు పడతారు, ప్రమాదమైన నొప్పిని ఓర్చుకుంటారు.

మలద్వారం లోపల కొద్ది పైన ఒక గీత లాంటి హద్దు ఉంటుంది. దాని పైభాగానికి కోత నొప్పి దాదాపు తెలియదు. కిందిభాగం చర్మం లాంటిది, సూది గుచ్చినా తెలుస్తుంది. మొల మొదలుకు బిగించే రబ్బరు బ్యాండును హద్దుకు పైన వేస్తారు కాబట్టి ఒకటి రెండు రోజులు బరువుగా, మొద్దుగా నొప్పి ఉండి పోతుంది. వేసిన వెంటనే కత్తితో కోసినట్టు నొప్పి వస్తే బ్యాండు కిందికి పడిందని అర్థం. ఆసుపత్రి గడప దాటకముందే చెప్పి తీయించుకోవాలి. ఇంటికెళ్లాక తగ్గుతుందిలే అనుకుంటే తగ్గదు.

కోసి తీసే ఆపరేషన్‌లో పుండు ఆ కిందిభాగం దాకా వస్తుంది. మొదటి మూడు నుంచి అయిదు రోజులు నొప్పి ఎక్కువ. రెండు వారాలకు బాగా తగ్గుతుంది. పుండు పూర్తిగా మానడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, కొందరికి ఎనిమిది వారాలు కూడా పడుతుంది. స్టేప్లర్‌తో చేస్తే నొప్పి తక్కువే గానీ, మొదటి కొన్ని రోజులు దొడ్డికి వచ్చినట్టే ఉండి ఏమీ రాదు. అది మలం కాదు, లోపలి కుట్ల దగ్గర వాపు. దానికోసం గంటలకొద్దీ కూర్చుని ముక్కకూడదు. లేజరు తర్వాత కూడా బయట వాపు ఒకటి రెండు వారాలు ఉండొచ్చు. "లేజరు కదా, వాపేమిటి" అని కంగారు పడనక్కర్లేదు.

ఆసుపత్రి వదిలే ముందు అడగాల్సినవి

రాయగడ, కోరాపుట్ వైపు వాళ్లకు ఇది మరీ ముఖ్యం. రాత్రి రక్తం పడితే ఘాట్ రోడ్డు దిగి విశాఖ వెళ్లడం కుదరదు. అందుకని నాలుగు విషయాలు తేల్చుకోండి. రాత్రిపూట ఏ నంబరుకు ఫోన్ చేయాలి? మీ ఊరికి దగ్గర్లో సర్జను ఉన్న ఆసుపత్రి ఏది? కోరాపుట్‌లో, బరంపురంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ఉన్నాయి, జిల్లా ఆసుపత్రులు వేరే. లోపల గాజుగుడ్డ పెట్టారా, దాన్ని ఎప్పుడు తీయాలి? ఆపేసిన మందులు, ముఖ్యంగా రక్తం పలచబడే మాత్రలు, మళ్లీ ఏ రోజు మొదలుపెట్టాలి?

డిశ్చార్జి చీటీని ఫోన్‌లో ఫోటో తీసి ఇంట్లో ఇద్దరికి పంపండి. ఏ ఆసుపత్రికి వెళ్లినా డ్యూటీ డాక్టరు మొదట అడిగేది అదే.

వాన రోజుల్లో ఆపరేషన్ అయితే ఇంకో జాగ్రత్త. గెడ్డలు పొంగి దారి తెగే ఊళ్లలో ఉండేవాళ్లు మొదటి రెండు వారాలు రోడ్డు పక్కన చుట్టాలింట్లో ఉండడం మంచిది. ఎందుకో కింద రక్తస్రావం దగ్గర చెప్పాం.

మొదటి 24 గంటలు

నడుముకు మత్తు ఇచ్చి ఉంటే మొదటి సమస్య మూత్రం. 6 నుంచి 8 గంటల లోపు పోయాలి. మగవాళ్లు పడుకుని పోయడానికి తంటాలు పడకుండా, నర్సు సరేనన్నాక మనిషి సాయంతో నిలబడి ప్రయత్నించండి. కుళాయి తిప్పి నీళ్ల చప్పుడు వినిపించడం పాత చిట్కానే, చాలామందికి పనిచేస్తుంది. పొత్తికడుపు గట్టిపడి నొప్పి పెడుతున్నా రాకపోతే గొట్టం వేయించుకోవాలి. ప్రొస్టేట్ గ్రంథి పెరిగిన పెద్దవాళ్లు ఇక్కడ మొహమాటపడి రాత్రంతా ఓర్చుకుంటారు. అలా చేస్తే మూత్రాశయం సాగి, గొట్టం ఇంకా ఎక్కువ రోజులు ఉంచాల్సి వస్తుంది.

లోపలి గాజుగుడ్డను సాధారణంగా మర్నాడు పొద్దున తీస్తారు. ఆ పని ఇంట్లో చేయమంటే, ముప్పావు గంట ముందు నొప్పి మాత్ర వేసుకోండి. గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు కూర్చుని, గుడ్డ పూర్తిగా నానాక మెల్లగా లాగండి. పొడిగా లాగితే అంటుకున్న పుండు పైపొర ఊడి రక్తం మొదలవుతుంది.

ఐసు మొదటి ఒకటి రెండు రోజులకే. ఐసు ముక్కలు ప్లాస్టిక్ సంచిలో వేసి, పలచటి తడిగుడ్డ చుట్టి, పక్కకు తిరిగి పడుకుని 10 నిమిషాలు ఆనించండి. మళ్లీ పెట్టాలంటే రెండు మూడు గంటలు ఆగాలి. ఐసు నేరుగా తగిలితే చర్మం మొద్దుబారి కాలుతుంది. మత్తు పూర్తిగా దిగకముందు పెడితే కాలుతున్న సంగతి కూడా తెలియదు.

నొప్పి మాత్రలు: గడియారం చూసి

డాక్టరు రాసిన మోతాదే మీ మోతాదు. చీటీలో మామూలుగా ఉండే మందులు ఎలా పనిచేస్తాయో తెలిస్తే తప్పులు తగ్గుతాయి.

పారాసిటమాల్ పునాది. పెద్దవాళ్లకు 650 మి.గ్రా. మాత్ర ఆరేసి గంటలకు ఒకటి, అంటే పొద్దున 6, మధ్యాహ్నం 12, సాయంత్రం 6, పడుకునే ముందు. మొదటి మూడు నాలుగు రోజులు నొప్పి లేకపోయినా వేళ తప్పకూడదు. బరువు 50 కిలోల లోపు ఉంటే 500 మి.గ్రా. చాలు. ఆరోగ్యవంతుడికి రోజుకు 4 గ్రాములు గరిష్ఠ హద్దు. కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు, రోజూ తాగేవాళ్లకు 2 గ్రాములు దాటకపోవడం మేలు.

పారాసిటమాల్ వాపును పెద్దగా తగ్గించదు. వాపుకు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటివి రాస్తారు. ఇవి అన్నం తిన్నాకే వేసుకోవాలి. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, అదుపులో లేని బీపీ, నొప్పి మాత్రలతో ఆయాసం వచ్చే ఆస్తమా ఉన్నవాళ్లు, గర్భిణులు, రక్తం పలచబడే మందు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు. సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు ఉన్నవాళ్లు కూడా అంతే. దక్షిణ ఒడిశాలో ఆ జబ్బు తక్కువేమీ కాదు, ఆపరేషన్‌కు ముందే సర్జనుకు చెప్పి ఉండాలి. వాళ్లకు ఒంట్లో నీళ్లు తగ్గితే అసలుకే మోసం.

ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. షాపులో దొరికే "నొప్పి మాత్ర"ల్లో చాలావరకు రెండు మందులు కలిపినవే. ఎసిక్లోఫెనాక్ 100 మి.గ్రా.తో పాటు పారాసిటమాల్ 325 మి.గ్రా. కలిసి ఉంటుంది. మీరు దాన్ని రెండు పూటలు, 650 మాత్రను నాలుగు పూటలు వేస్తే రోజుకు 3,250 మి.గ్రా. పారాసిటమాల్ అవుతుంది. మధ్యలో జలుబు మాత్ర ఒకటి వేసినా అందులోనూ అదే. హద్దు దగ్గరకు వచ్చేసినట్టే. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో ఉన్న పేరు చదివి, లేదా చదివించుకుని వేసుకోండి. ఒడిశా వైపు షాపుల్లో ఒక కంపెనీ మాత్ర లేక ఇంకోటి ఇచ్చినప్పుడు ఈ తికమక ఎక్కువ.

ట్రమడాల్ బలమైన మందు, కానీ మలబద్ధకం తెస్తుంది, వికారం పెడుతుంది. రాత్రి నిద్ర పట్టనంత నొప్పి ఉంటే రెండు మూడు రోజులకు రాస్తారు. అది వేసుకున్న రోజు మలం మెత్తబడే మందును వదలకూడదు. మెట్రోనిడజోల్ రాస్తే, కోర్సు అయ్యేదాకా, అయ్యాక కూడా రెండు మూడు రోజులు మందు, సారా, ఇప్పసారా ఏదీ తాగకూడదు. తాగితే వాంతులు, గుండెదడ వస్తాయంటారు డాక్టర్లు. ఆ సంగతి పక్కనపెట్టినా, సారా ఒంట్లో నీటిని తోడేసి మలాన్ని గట్టిచేస్తుంది.

పైపూత మందులు రెండు రకాలు. లిగ్నోకెయిన్ జెల్ ఆ చోటు మొద్దుబారి నొప్పి తెలియకుండా ఉండడం కోసం. దొడ్డికి వెళ్లే పది నిమిషాల ముందు శనగగింజంత రాయండి. డిల్టియాజెమ్ 2 శాతం క్రీము వేరు. పుండు ఉన్నప్పుడు లోపలి కండరం బిగుసుకుంటుంది, బిగిస్తే రక్తం సరిగ్గా ఆడదు, నొప్పి పెరుగుతుంది, పెరిగిన నొప్పికి కండరం ఇంకా బిగుస్తుంది. ఆ బిగుతును ఈ క్రీము వదిలిస్తుంది. రోజుకు రెండు మూడు సార్లు, చీటీలో రాసిన ప్రకారం ద్వారం అంచుకు రాస్తే చాలు, లోపలికి దూర్చనక్కర్లేదు. అదే పనికి నైట్రోగ్లిజరిన్ ఆయింట్‌మెంట్ రాస్తే తలనొప్పి రావచ్చు, పడుకుని రాసుకోండి. మగతనం మాత్రలు వాడేవాళ్లు ఆ ఆయింట్‌మెంట్‌కు దూరంగా ఉండాలి, బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. స్టిరాయిడ్ కలిసిన మొలల క్రీములు డాక్టరు చెప్పకుండా వాడొద్దు, వారం దాటితే చర్మం పలచబడుతుంది.

గోరువెచ్చని నీళ్ల టబ్బు

ఖర్చు లేనిది, మాత్ర తర్వాత ఎక్కువ ఉపశమనం ఇచ్చేది ఇదే. తప్పులు ఎక్కువ జరిగేది కూడా ఇక్కడే.

వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు ఒకటి ఇందుకోసమే కొనండి, బట్టలుతికేది వద్దు. మీరు కూర్చుంటే పిరుదులు మునిగేలా నాలుగైదు అంగుళాల నీళ్లుండాలి. వేడి 37 నుంచి 40 డిగ్రీలు. థర్మామీటరు అక్కర్లేదు, లెక్క తేలిక. వేసవిలో కుళాయి నీళ్లు ఏడు చెంబులకు మరిగిన నీళ్లు ఒక చెంబు. చలికాలంలో, ముఖ్యంగా కోరాపుట్ కొండల మీద నీళ్లు బాగా చల్లగా ఉన్నప్పుడు, రెండున్నర చెంబులకు ఒకటి. ముందు చల్లనీళ్లు పోసి, తర్వాత మరిగినవి పోసి, కలిపి, మోచేతిని ముంచి చూడండి. మోచేయి "వెచ్చగా ఉంది" అనాలి, "వేడిగా ఉంది" అనకూడదు. అరచేతితో చూస్తే తెలియదు, వంటింటి వేడికి అలవాటుపడ్డ చెయ్యి మోసం చేస్తుంది. షుగరు వల్ల తిమ్మిర్లున్నవాళ్ల నీళ్లు ఇంకొకరు చూడాలి.

రోజుకు మూడు సార్లు, 10 నుంచి 15 నిమిషాలు. దొడ్డికి వెళ్లి వచ్చిన ప్రతిసారీ ఒకటి తప్పనిసరి. నీళ్లలో ఏమీ కలపకండి. డెట్టాల్ పుండును మండించి పొక్కిస్తుంది. పటిక, వేపాకు కషాయం, పసుపు ముద్ద ఎవరో ఒకరు చెబుతారు, వినేసి ఊరుకోండి. ఉప్పు వేస్తే కొంప మునగదు గానీ అదనంగా వచ్చేదీ ఏమీ లేదు. సర్జను పోవిడోన్ అయోడిన్ కలపమంటే వాళ్లు చెప్పినన్ని చుక్కలే.

లేచేటప్పుడు గోడ పట్టుకుని నెమ్మదిగా లేవండి. వెచ్చని నీళ్లలో కూర్చుని లేచినప్పుడు కళ్లు తిరిగి పడిపోయే పెద్దవాళ్లున్నారు, తలుపు గడియ పెట్టొద్దు. తర్వాత మెత్తని నూలుబట్టతో అద్దండి, రుద్దొద్దు. తడి మిగిలితే దురద, ఒరుపు మొదలవుతాయి. మోకాళ్లు వంగనివాళ్లకు కమోడ్ మీద అమర్చే చిన్న టబ్బులు మందుల షాపుల్లో దొరుకుతాయి. చెరువులో, గెడ్డలో మునగడం పుండు మానేదాకా మానుకోవాలి.

మలం మెత్తబడడం

దీన్ని ఆపరేషన్ అయిన రోజు రాత్రే మొదలుపెట్టాలి. మూడో రోజు గట్టిపడ్డాక మొదలుపెడితే ఆలస్యమే.

మామూలుగా రాసేది లాక్టులోజ్. రాత్రి 15 నుంచి 30 మి.లీ. పనిచేయడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, అందుకే ముందే మొదలుపెట్టమనేది. కడుపు ఉబ్బి గాలి పోతుంది, అది మందు లక్షణమే. షుగరు ఉన్నవాళ్లు డాక్టరుకు చెప్పి వాడాలి. లాక్టులోజ్ పడనివాళ్లకు పాలీఇథిలిన్ గ్లైకాల్ పొడి ఇస్తారు, రోజుకు 17 గ్రాములు గ్లాసు నీళ్లలో.

ఇసబ్‌గోల్ పొట్టు వేరే రకం. అది నీటిని పీల్చి ఉబ్బి మలానికి మెత్తని రూపం ఇస్తుంది. రెండు చెంచాలు పెద్ద గ్లాసుడు నీళ్లలో కలిపి, జిగురు కట్టకముందే తాగి, వెంటనే ఇంకో గ్లాసు నీళ్లు తాగాలి. రెండో గ్లాసు మానేసేవాళ్లే "ఇసబ్‌గోల్ నాకు పడలేదు, ఇంకా గట్టిపడింది" అంటారు. నీళ్లు లేని ఇసబ్‌గోల్ పేగులో పిండిముద్దే. మిగతా మందులకు దీనికి రెండు గంటల ఎడం ఉండాలి.

రోజుకు రెండు నుంచి రెండున్నర లీటర్ల నీళ్లు. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు తమ డాక్టరు చెప్పిన హద్దులోనే.

ఆముదం, సోనాముఖి, "ఒక్క దెబ్బకు కడుపు ఖాళీ" మాత్రలు వద్దు. నీళ్ల విరేచనాలు గట్టి మలం అంత చెడ్డవే. రోజుకు ఆరేడు సార్లు పచ్చిపుండు మీదుగా పోతే మంట తట్టుకోలేరు. మలం అరటిపండులా మెత్తగా, రూపంతో రావాలి, అదే గురి. పలచనైతే లాక్టులోజ్ సగానికి తగ్గించండి. ఎనిమా, గుళిక లోపల పెట్టడం సర్జను చేతిలో పని, ఇంట్లో కాదు. రక్తం తక్కువగా ఉందని ఐరన్ మాత్రలు రాసి ఉంటే అవి మలాన్ని గట్టిచేస్తాయి, నల్లగా మారుస్తాయి. మొదటి రెండు వారాలు ఆపవచ్చేమో అడగండి.

మొదటిసారి దొడ్డికి

సాధారణంగా రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య వస్తుంది. నొప్పి మాత్ర వేళను దీనికి కలపండి. పొద్దున 7 గంటలకు అలవాటైతే 6:15కు మాత్ర, 6:50కి లిగ్నోకెయిన్. ఒత్తిడి వచ్చిందంటే వాయిదా వేయొద్దు.

కమోడ్ అయితే పాదాల కింద ఆరు నుంచి ఎనిమిది అంగుళాల పీట వేసుకుని, మోచేతులు తొడల మీద ఆనించి ముందుకు వంగండి. నేలదొడ్డి అయితే ఆ వాలు దానంతటదే వస్తుంది, కానీ ఎక్కువసేపు గొంతుకు కూర్చుంటే కిందికి రక్తం దిగి వాపు పెరుగుతుంది. రెండింటికీ హద్దు అయిదు నిమిషాలు. రాకపోతే లేచి, కాస్త నడిచి, మళ్లీ ఒత్తిడి వచ్చినప్పుడు వెళ్లండి. ఫోన్ బయటే. ఊపిరి బిగబట్టి ముక్కకుండా నోరు తెరిచి "హా" అని మెల్లగా వదలండి. బయలుకు వెళ్లే ఊళ్లలో ఈ రెండు మూడు వారాలకైనా దొడ్డి ఉన్న ఇల్లు చూసుకోవాలి. చీకటి పడేదాకా ఆపుకునే అలవాటే ఆడవాళ్లకు సగం మలబద్ధకం తెచ్చిపెట్టింది.

కడుక్కోవడానికి గోరువెచ్చని నీళ్లు చెంబుతో ధారగా పోయండి. జెట్ స్ప్రే ఒత్తిడి పుండుకు తగలనివ్వొద్దు. సబ్బు అక్కర్లేదు. నేరుగా టబ్బులోకి వెళ్లండి. మలం మీద ఎర్రటి గీతలు, అయిదారు చుక్కల రక్తం మామూలే. ఆ తర్వాత గంటా రెండు గంటలు సలుపు ఉంటుంది. అది కండరం బిగుతు, దానికి మందు వెచ్చని నీళ్లే.

మూడో రోజు దాటినా రాకపోతే సర్జనుకు ఫోన్ చేయండి. ఒక మోసకారి లక్షణం ఉంది. అసలు మలం రాకుండా, కింద బరువుగా ఉండి, కొద్దికొద్దిగా నీళ్లు కారుతుంటే అది విరేచనం కాదు, గట్టి మలం అడ్డుపడి పక్కల నుంచి కారడం. విరేచనాలు ఆపే మాత్ర వేస్తే ఇంకా బిగుస్తుంది.

వాపు గురించి

కోసిన పుండ్ల మధ్య మిగిల్చిన చర్మం రెండు మూడు రోజుల్లో నీరు పట్టి ద్రాక్షపండులా ఉబ్బుతుంది. చాలామంది చేత్తో తడిమి "మొలలు మళ్లీ వచ్చేశాయి, ఆపరేషన్ ఫెయిలైంది" అనుకుంటారు. అది వాపు. ఒకటి రెండు వారాల్లో చాలామటుకు దిగుతుంది. లోపలికి నెట్టకండి, నొక్కకండి, సూదితో గుచ్చకండి.

దిగడానికి చేయాల్సింది: రోజులో ఎక్కువసేపు పక్కకు లేదా బోర్లా పడుకోవడం, బోర్లా పడుకుంటే తుంటి కింద ఒక దిండు. గంటకోసారి ఇంట్లోనే అయిదు నిమిషాల నడక. గాలి ట్యూబు మీద కూర్చోమని సలహా ఇచ్చేవాళ్లు చాలామంది, కానీ నడిమి ఖాళీలో ఆ భాగం వేలాడి ఇంకా ఉబ్బుతుంది. మెత్తని దిండు చాలు, అదీ ఒక్కసారికి అరగంట. డయోస్మిన్, హెస్పెరిడిన్ కలిసిన మాత్రలు వాపు, రక్తం తగ్గడానికి రాస్తారు. మొదటి నాలుగు రోజులు ఎక్కువ మోతాదు, తర్వాత తక్కువ అని ఉంటే ఆ వరుసే పాటించండి.

ఒకవైపే నీలంగా, గట్టి గోలీలా, ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పిగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. చూపించుకోవాలి.

పసుపు, గులాబీ రంగు కలిసిన తేమ రెండు నుంచి నాలుగు వారాలు వస్తుంది. మడతపెట్టిన గాజుగుడ్డ గానీ శానిటరీ ప్యాడ్ గానీ పెట్టి, తడిసినప్పుడల్లా మార్చండి. మగవాళ్లు ప్యాడ్ అంటే సిగ్గుపడి దూది కుక్కుతారు, ఆ దూది పోగులు పుండులో ఇరుక్కుంటాయి.

తిండి, పథ్యం

పప్పు తింటే చీము పడుతుందని మన ఇళ్లలో గట్టి నమ్మకం. ఆపరేషన్ అయిందంటే పప్పు, వంకాయ, గుమ్మడి, కొన్ని చోట్ల గుడ్డు కూడా బంద్. మిగిలేది తెల్లన్నం, కారప్పొడి, బ్రెడ్డు. పీచు లేని ఈ పథ్యమే మలబద్ధకం. పప్పుకు, చీముకు సంబంధం లేదు.

మన ప్రాంతంలో కావాల్సినవన్నీ ఇంట్లోనే ఉన్నాయి. పొద్దున రాగి అంబలి లేదా మండియా జావ. మధ్యాహ్నం మెత్తని అన్నం, బొప్పాయి, అరటి, గుమ్మడి వేసి ఉడికించిన దాల్మా పప్పు, తోటకూర. పఖాళ (నీళ్లు పోసిన చద్దన్నం) తినొచ్చు, నీళ్లు ఎక్కువగా కడుపులోకి పోతాయి, కానీ పక్కన నంజుకునే ఎండుమిరప, ఎండుచేప వేపుడు మానాలి. పండిన బొప్పాయి ఒక గిన్నెడు, గింజలు తీసిన జామ, నానబెట్టిన ఎండుద్రాక్ష. రోజుకు 25 నుంచి 30 గ్రాముల పీచు అందాలి, అయితే ఒక్కరోజులో పెంచితే కడుపు ఉబ్బుతుంది, నాలుగైదు రోజుల్లో పెంచండి. కారం పూర్తిగా అరగదు, తిన్నది తిన్నట్టు మర్నాడు పుండును మండిస్తుంది. మూడు వారాలు మిరప తగ్గించండి. మైదా, ముర్రీలతో (మరమరాలతో) కడుపు నింపడం, వేట మాంసం పెద్ద ముద్దలు, బరాలు (గారెలు), పకోడీలు తర్వాత చూసుకోవచ్చు.

ఎప్పుడు ఇల్లు కదలాలి

రక్తానికి రెండు ప్రమాద సమయాలు. ఒకటి మొదటి 24 గంటలు. రెండోది జనానికి తెలియనిది: 7వ రోజు నుంచి 14వ రోజు దాకా. అంతా బాగుంది అనుకున్నాక, పుండు మీది పొర లేదా చచ్చిన ముద్ద రాలేటప్పుడు రక్తనాళం తెరుచుకోవచ్చు. రబ్బరు బ్యాండు కూడా 5 నుంచి 10 రోజుల్లో రాలుతుంది, అప్పుడు కాస్త రక్తం మామూలు. ఈ రెండో వారంలో దూరం పెళ్లిళ్లు, కొండమీది ఊళ్ల ప్రయాణాలు పెట్టుకోవద్దు.

ప్యాడ్ గంటలోపు తడిసిపోయినా, ముద్దలు ముద్దలుగా పడినా, కళ్లు తిరిగి చెమటలు పట్టినా 108కి ఫోన్ చేయండి. ఒడిశాలోనూ ఆంధ్రాలోనూ అదే నంబరు. బండి వచ్చేలోపు ఎడమ పక్కకు తిరిగి మోకాళ్లు ముడుచుకుని పడుకుని, మడిచిన గాజుగుడ్డను గట్టిగా ఒత్తి పట్టుకోండి, మాటిమాటికీ తీసి చూడొద్దు. ఏమీ తినొద్దు, మళ్లీ మత్తు ఇవ్వాల్సి రావచ్చు.

జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే అదే రోజు చూపించాలి. రాయగడ, కోరాపుట్, గజపతి వైపు మలేరియా ఉంది కాబట్టి ఆశా కార్యకర్త రక్తపరీక్ష చేస్తారు, చేయించుకోండి. కానీ మలేరియా అని తేలినా సర్జనుకు ఫోన్ చేయడం మానొద్దు, రెండూ ఉండొచ్చు. జ్వరం, పెరుగుతున్న నొప్పి, మూత్రం రాకపోవడం మూడూ కలిస్తే, ముఖ్యంగా బ్యాండు వేయించుకున్నాక, అది లోపలి ఇన్‌ఫెక్షన్. అరుదే అయినా ప్రాణాంతకం. తెల్లారేదాకా ఆగకూడదు.

"ఆపరేషన్ లేకుండా ఒక్క ఇంజెక్షన్" అని గోడల మీద రాసుకునే చోట చేయించుకుని, నల్లగా మారి కంపు కొడుతుంటే ఇంట్లో కడగడం కాదు. లోపల కణజాలం కాలి ఉంటుంది. నేరుగా మెడికల్ కాలేజీకి వెళ్లండి. ఏం ఎక్కించారో తెలియకపోయినా అక్కడ చేయించుకున్నామని దాచకుండా చెప్పండి.

పనికి ఎప్పుడు

కుర్చీ పని ఒకటి రెండు వారాలకు. బియ్యం బస్తా, నీళ్ల బిందె, గోపాలపురం వైపు వల లాగడం వంటి బరువు పనులు కనీసం మూడు నాలుగు వారాలు ఆగాలి, ఎత్తేటప్పుడు కడుపు బిగిస్తే ఒత్తిడంతా కిందికే వస్తుంది. నాట్ల బురదలో దిగడం పుండు పూర్తిగా ఆరాకే. బైకు రెండు వారాలు వద్దు, ఘాట్ రోడ్డు అయితే ఇంకో వారం. బస్సులో తప్పకపోతే వెనక సీటు కాకుండా మధ్యలో కూర్చుని, ఆగిన ప్రతిచోటా లేచి నిలబడండి.

నాలుగు వారాల నుంచి ఆరు వారాల మధ్య ఒకసారి సర్జనుకు చూపించండి, నొప్పి లేకపోయినా సరే. మానుతున్నప్పుడు ద్వారం ఇరుకైపోతే మలం పెన్సిలంత సన్నగా వస్తుంది, మొదట్లో పట్టుకుంటే తేలిగ్గా సరిచేస్తారు. వాపు దిగాక మిగిలిన చిన్న చర్మపు తోక నొప్పి పెట్టదు, కడుక్కోవడానికి అడ్డమైతే తప్ప తీయించుకోనక్కర్లేదు. ఇసబ్‌గోల్ రోజుకు ఒకటి రెండు చెంచాలు, రెండో గ్లాసు నీళ్లతో సహా, మూడు నెలలైనా కొనసాగించండి.